తలుపు కాడ జాగా

నారాయణపేట,
ఫిబ్రవరి 19, 2024.

నా బిడ్డ సుహాసినికి,

అమ్మ రాస్తున్నది. ప్రభువు కృపలో నువ్వు, అల్లుడు దివాకర్, మీ ఇంటిల్లిపాది మంచిగున్నరని నమ్ముతున్న. ఇక్కడ నేను, తమ్ముడు నవీన్ బాగున్నం. పెండ్లిళ్ల కాలం కదా, చీరలకు ఫాల్స్ కుట్టే పని చేతినిండ ఉన్నది.

నీకు పంపే డబ్బాతోని పాటు ఉత్తరం పెట్టుడు నాకు అలవాటైపోయింది. ఫోన్ల మాట్లాడితే నీ పక్కకు ఎవరున్నరో నాకు తెల్వదు. స్పీకర్ పెట్టినవేమో అన్న భయానికి "తిన్నవా, పన్నవా" అని రెండు మాటలు అడిగి పెట్టేస్త. మీ బడికి పంపితే నీ చేతికే అందుతది. అందుకే ఈ రాత.

ఎప్పటి లెక్కనే గోలీలను అట్టల నుంచి ఒలిచి రక్తం గోలీల సీసాల పోసిన. సీసా మీద కాయిదం అట్లనే ఉన్నది. ఎవరన్న అడిగితే నీకు రక్తం తక్కువ అని చెప్పు. మాపటికి తిన్నంక ఒకటి, తప్పొద్దు. మీ దగ్గర మందుల దుకాణంల మాత్రం కొనకు. ఆ దుకాణమాయన మీ మామ వాళ్ల సంఘపోడే కదా, చీటీ చూస్తే ఆదివారం నాటికి అందరికి తెలుస్తది.

మొన్న పాలమూరు పోయి డాక్టరమ్మను కలిసిన. "రెండేండ్ల నుంచి ఫిట్స్ రాలేదు, సంతోషం. కాని నేను చెప్పేదాక గోలీలు ఆపొద్దు. నిద్ర చెడగొట్టుకోవద్దు. లోతు నీళ్లల్ల దిగొద్దు" అన్నది. ఇంకో మాట వేలు చూపించి మరీ చెప్పింది. పిల్లల కోసం అనుకుంటే ముందే వచ్చి కలువాలంట. ఈ గోలీలు కడుపుల పిల్లకు మంచిది కాదంట, వేరేటివి మార్చి ఇస్తదంట. ఆ మాట మరువకు బిడ్డ.

సెలవులల్ల మీరంత సముద్రం ఉన్న ఊరికి పోతున్నరని నవీన్ అంటున్నడు. నిజమేనా? జాబు రాయి.

నీ అమ్మ,
గోపమ్మ


భూదాన్ పోచంపల్లి,
ఫిబ్రవరి 28.

అమ్మకు,

సుహాసిని వందనాలు. డబ్బా అందింది. మా పెద్ద సారు "మీ అమ్మ ఎప్పుడు ఏదో పంపుతనే ఉంటది టీచర్, మాకొక్కటి పెట్టరు" అన్నడు. పల్లీ లడ్డలని చెప్పిన. మళ్లసారి నిజంగనే రెండు లడ్డలు పెట్టు, లేకుంటే నా మర్యాద పోతది.

నవీన్ చెప్పింది నిజమే. మే నెల విశాఖపట్నం పోతున్నం, పదిహేడు మందిమి. మామ వాళ్ల నాయిన పెద్దులు తాత క్రిస్మస్ నాటి నుంచి ఒకటే పట్టు: "నన్ను బొంద పెట్టకముందు సముద్రం చూపియ్యుండ్రి." మామ దశరథ్, ఆయన ఇద్దరు తమ్ముళ్లు, వాళ్ల సంసారాలు, అత్తమ్మ సైదమ్మ, మేమిద్దరం. కట్టంగూరు నుంచి మా ఆడిబిడ్డ రూప వదినె కూడ వస్తది. రూప వదినె నీళ్లోసుకున్నదమ్మా. ఏడేండ్ల తర్వాత. ఆ కబురు విన్ననాడు అత్తమ్మ వంటర్రల కింద కూసోని ఏడ్చింది, మళ్ల మేం చూసినమని ఉల్లిగడ్డ కోస్తున్నట్టు కత్తిపీట ముందటేసుకున్నది.

అక్కడ ఉండే జాగా చూసే పని నాకిచ్చిన్రు. చదువుకున్న కోడలని. రోజు మాపటికి అందరు నా చుట్టు కూసుంటరు, నేను ఫోన్ల బొమ్మలు చూపిస్త. ఒక హోటలు సముద్రం ముందటనే ఉన్నది, ఆరో అంతస్తు. ఇంకోటి ఊరి లోపట, చిన్న చిన్న అర్రలు. ఇంకోటి కల్యాణమంటపం అసొంటిది, పెద్ద హాలు, పరుపులు కిరాయికి ఇస్తరు. అత్తమ్మకు ఆ హాలు మీదనే పాణం. "అందరం ఒక్క కాడ వరుసగ పండుకుంటే గదే పండుగ" అంటది.

నాకు భయం ఎక్కడనో చెప్పాల్నా? అత్తమ్మకు ఒక పద్ధతున్నది. ఊరికి పోతే అందరి గోలీలు ఒక్క స్టీలు డబ్బాల ఏసుకుంటది. తాత బీపీవి, మామ షుగర్‌వి, చిన్నత్త థైరాయిడ్‌వి, పిల్లల జ్వరం మందు, అన్ని. తిన్నంక అందరిని వరుసగ కూసోబెట్టి ఎవరియి వాళ్ల అరచేతుల పెట్టి, మింగేదాక మీద నిలవడుతది. అందరం ఒకటే హాల్ల ఉంటే డబ్బా ఒకటే. అర్రలు విడివిడిగ ఉంటే ఎవరి సంచి వాళ్లది. అందుకే నేను అర్రలు అర్రలని అంటున్న. వాళ్లకేమో కొత్త పెండ్లికూతురు కాబట్టి అర్ర అడుగుతున్నదని నవ్వులాట. చిన్నత్తయితే "దివాకర్‌గాన్ని సముద్రం కూడ చూడనియ్యవా ఏందే" అన్నది. సిగ్గుతోని చచ్చిన.

నువ్వేమంటవ్?

సుహాసిని


నారాయణపేట,
మార్చి 9.

బిడ్డ సుహాసినికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి పొయ్యిల పెట్టిన. నువ్వు కూడ నావి ఉంచుకోకు.

ఈ బుధవారం నీ కోసం ఉపవాసం ఉన్న. మోకాళ్ల మీద ఉన్నంతసేపు నాకు నీళ్ల సప్పుడే వినవడ్డది. నేను సముద్రం ఎన్నడు చూడలే, దాని సప్పుడు ఎట్లుంటదో నాకేం తెలుసు? అయినా వినవడ్డది.

ఆరో అంతస్తు మాట ఎత్తకు. ముందట గచ్చుకు సగం గోడనే ఉంటదంట. నువ్వు చిన్నగున్నప్పుడు మిద్దె మెట్ల మీద నీకు ఫిట్స్ వచ్చి దొర్లిన దెబ్బ ఇంకా నీ కనుబొమ్మ మీద ఉన్నది. కిందంతస్తే చూడు. సముద్రానికి ఎంత దూరముంటే అంత మంచిది. అర్ర విడిగ ఉండాలె, స్నానాల అర్ర దాంట్లనే ఉండాలె. స్నానానికి పోయినప్పుడు గడియ పెట్టుకోకు, తలుపు దగ్గరికేసుకో. రైలు మాపటికి ఎక్కేది గాకుండ పొద్దుగాల ఎక్కేది చూడుమను, నీ నిద్ర చెడొద్దు. నీళ్లల్ల దిగుమంటే నెలసరి అని చెప్పు.

హాలు మాత్రం వద్దు బిడ్డ. పదిహేడు మంది నడుమ నీకు ఏమన్న అయితే? ఆ ఆలోచన వస్తే కుట్టేకాడ సూది ఆగిపోతున్నది. మొన్న ఒకాయమ్మ చీర అంచు తిరగేసి కుట్టి మళ్ల ఇప్పిన.

రూప సంగతి సంతోషం. ఆమెను, కడుపుల బిడ్డను ప్రభువు కాపాడాలె. నా ప్రార్థనల ఆమె పేరు కూడ చేర్చుకున్న.

అమ్మ


భూదాన్ పోచంపల్లి,
మార్చి 30.

అమ్మకు వందనాలు.

నువ్వు చెప్పినట్టే చేసిన. ఊరి లోపటి హోటల్ల కిందంతస్తుల ఏడు అర్రలున్నయని చెప్పిన. ఇంట్ల పెద్ద పంచాయితే అయ్యింది.

"ఏడు అర్రలా? ఏడు తాళాలా?" అన్నది అత్తమ్మ. "ఎవ్వరి కోడి వాళ్ల గంప కింద మూసిపెట్టినట్టు! గింత దూరం పోయి తలుపులు ఏసుకొని పండుకునుడేందే? గా పని ఇంట్ల చేతగాదా?"

"సముద్రం కనవడదంట కదా గా హోటల్లకెళ్లి" అన్నడు తాత. "కనవడకుంటే గంత దూరమెందుకురా, మన మూసీ ఒడ్డుకే పోయి కూసుందం. కంపు గూడ ఫిరీగ వస్తది."

మామ ఒక్కడే నా దిక్కు మాట్లాడిండు. "నా గురకకు అందరు ఒక్క హాల్ల నిద్రపోతరా? కోడలు మంచిగనే ఆలోచించింది" అన్నడు. "నీ గురక నాకు ముప్పై ఏండ్ల నుంచి జోలపాట" అన్నది అత్తమ్మ. అందరు నవ్విన్రు. నేను కూడ నవ్విన.

అప్పుడు ఒక అబద్ధం ఆడిన. ఆ హాలు మే నెలంత వేరేవాళ్లు మాట్లాడుకున్నరని చెప్పిన. తెల్లారి దివాకర్ డ్యూటీ నుంచి వచ్చి నన్ను మిద్దె మీదికి పిలిచిండు. "హాలు వాళ్లకు ఫోన్ చేసిన, ఖాళీనే ఉన్నదట" అన్నడు. నేను తీగె మీది బట్టలు తీసుడు మొదలుపెట్టిన. "అమ్మకు చెప్పలే" అన్నడు. "సుహా, నువ్వు దేనికి భయపడుతున్నవో నాకు తెల్వదు. నేనా? మా అమ్మనా?" అన్నడు.

"సప్పుడుల నాకు నిద్ర పట్టదు" అన్న. "సరే" అన్నడు. కాని నమ్మలే అమ్మా. నమ్మకున్నా సరే అన్నడు. గదే నాకు బాధ.

ఆయనకు చెప్తనమ్మా. ఆయన ఒక్కనికి. నాకు ఇగ మోసేటట్టు లేదు.

సుహాసిని


నారాయణపేట,
ఏప్రిల్ 5.

సుహాసినికి,

చెప్పొద్దు.

మన సందుల నర్సింగమ్మ బిడ్డ యాదికున్నదా? దానికి కూడ ఫిట్సే, పెండ్లయిన ఏడాదికి మొగనికి చెప్పింది. మంచోడని చెప్పింది. ఆయన అమ్మకు చెప్పిండు, అమ్మ అక్కకు చెప్పింది. పొద్దుగాల బస్సుకు ఒక్కదాన్ని ఎక్కిచ్చి పంపిన్రు, సంచిల రెండు చీరలు. ఇప్పటికి అమ్మగారింట్లనే ఉన్నది. దాని దిక్కు చూసేటప్పుడల్లా నాకు నువ్వే కనవడుతవ్. మన సంఘంల అందరు నీకు పూర్తిగ తగ్గిపోయిందనే నమ్ముతున్నరు. అందుకే మీ పెండ్లప్పుడు అత్తగారోళ్లకు ఆ మాట ఎవరు చెప్పలే.

దేవుని దయతోని రెండేండ్లు గడిచినయి. ఇంకో ఏడాది గడిస్తే డాక్టరమ్మ గోలీలు తగ్గిస్తనన్నది. ఒక్క ఏడాది నోరు మూసుకో బిడ్డ. ఆ తర్వాత చెప్పేటందుకు ఏముండదు.

హాలుకే పోదామంటే పో. ఎదురు మాట్లాడకు, ఎక్కువ మాట్లాడితేనే అనుమానం వస్తది. గోలీల డబ్బా సంగతి నేను ఆలోచించిన. మీ అత్త అడుగకముందే సీసా ఆమె చేతుల పెట్టు. రక్తం గోలీలే కదా, దాచేటందుకు ఏమున్నది? దాచిపెడితేనే ఎందుకు దాచిందని చూస్తరు. ముందట పెడితే ఎవరు చూడరు. రోజు మాపటికి ఆమెనే నీ చేతుల పెడుతది, నీకు తప్పిపోతదన్న ఫికర్ కూడ ఉండదు.

ఇది ప్రార్థన చేసినంకనే నాకు తోచింది.

అమ్మ


భూదాన్ పోచంపల్లి,
ఏప్రిల్ 22.

అమ్మకు,

రేపటి నుంచి బడికి సెలవులు. ఇగ ఇక్కడికి ఉత్తరాలు రాయకు. నేనే రాస్త.

ఉండే జాగా కుదిరింది. హోటలు కాదు, హాలు కాదు. మామ దోస్తు చుట్టాలది అక్కడ ఒక పాత ఇల్లున్నదంట, సెలవులల్ల కిరాయికిస్తరంట. కిందంతస్తే. నడుమ పెద్ద సావడి, పక్కకు రెండు చిన్న అర్రలు, వెనుక వంట చేసుకునే జాగా. సముద్రానికి ఆటోల పోవాలె. అత్తమ్మకు సావడి దొరికింది, నీకు కిందంతస్తు దొరికింది. తాతకు మాత్రం సముద్రం కనవడదు. "మిద్దె ఎక్కితే సప్పుడు వినవడుతదంట" అని మామ చెప్తే, "సప్పుడుకైతే మీ నాయినను గింత దూరం మోసుడెందుకు, రేడియో పెట్టుండ్రి" అన్నడు.

అత్తమ్మ పోయేది మే పదహారునైతే ఇప్పటి నుంచే సర్దుతున్నది. సావడిల ఎవరు ఎక్కడ పండుకోవాల్నో బలపంతోని గచ్చు మీద గీసి చూపిస్తది. గోడ దిక్కు తాత, ఆయన పక్కకు మొగోళ్లు. ఇటు దిక్కు ఆడోళ్లు. రూప వదినెకు గాలి కావాలని తలుపు కాడ జాగా పెట్టింది. నాకు ఆమె పక్కకు.

నువ్వు చెప్పినట్టే సీసా ఇచ్చిన. అటిటు తిప్పి చూసింది. "రక్తం గోలీలు ఎర్రగుంటయి కదనే, గివేంది తెల్లగున్నయి?" అన్నది. "కొత్త రకం అత్తమ్మా" అన్న. "గందుకే నీ బుగ్గలు నిగనిగలాడుతున్నయి" అని డబ్బాల పెట్టుకున్నది. ఇప్పుడు రోజు మాపటికి ఆమెనే ఇస్తది. మింగేదాక నిలవడుతది. నువ్వన్నట్టు ఫికర్ లేదు.

రూప వదినె నిన్న వచ్చింది. మనిషి పాలిపోయింది. రక్తం తక్కువున్నదని అక్కడి డాక్టరు చెప్పిందంట, ఇచ్చిన గోలీలు మింగితే వాంతులైతున్నయని ఆపేసిందంట. అత్తమ్మ మేక కాళ్ల షోర్వ కాస్తున్నది.

ఎందుకో అమ్మా, అత్తమ్మ ఆ డబ్బా మూత పెట్టిన సప్పుడు నా చెవులల్ల నుంచి పోతలేదు.

సుహాసిని


భూదాన్ పోచంపల్లి,
మే 4.

అమ్మా,

రాసేటందుకు చెయ్యి వస్తలేదు. అయినా రాస్తున్న. రాస్తేగాని నోటితోని చెప్పలేను.

వారం రోజుల నుంచి రూప వదినె ఎప్పుడు చూసినా పండుకునే ఉంటున్నది. లేస్తే తూలుతున్నది. అందరం నవ్వినం. "పుట్టేది కుంభకర్ణుడే" అన్నడు చిన్నమామ. నేను కూడ నవ్విన.

ఇయ్యాల పగటి అన్నం తిన్నంక నేను గిన్నెలు తీస్తున్న. అత్తమ్మ డబ్బా తెచ్చి రూప వదినె ముందట కూసున్నది. నా సీసా మూత తీసింది. తెల్ల గోలీ ఆమె అరచేతుల పెట్టింది. "మింగు బిడ్డ, నీ మరదలుకు మంచిగ పడ్డయి. నీకు గూడ వాంతులు అయితలేవు సూడు" అన్నది. వదినె మింగింది. నేను నిలబడి చూసిన. గిన్నె చేతిలకెళ్లి జారి పడ్డది. "పదిలం" అన్నరు ఇద్దరు, నన్నే చూసుకుంట.

ఏడేండ్లకు నిలిచిన కడుపమ్మా.

డాక్టరమ్మ చెప్పిన మాట నువ్వే రాసినవ్ కదా. సీసా ముందట పెట్టుమన్నది కూడ నువ్వే. నిన్ను అంటలేను. ఇచ్చింది నా చెయ్యే.

ఇప్పుడు స్నానాల అర్రల కూసోని రాస్తున్న. గడియ పెట్టుకోలే, నీ మాట మరువలే. ఈ కాయిదం చిన్నత్త కొడుకు చేత పోస్టుల ఏయిస్త. దివాకర్ రాంగనే ముందుగాల ఆయనకు, ఆయన ముందటనే అత్తమ్మకు చెప్త. మాపటిదాక ఆగితే ఇంకో గోలీ పడుతది. నువ్వు వద్దన్నా చెప్త. ఇది నీకు చేరేసరికి అయిపోయి ఉంటది.

ఫోన్ చెయ్యకు. నా సంచి నేనే సర్దుకున్న. రెండు చీరలు.

సుహాసిని


నారాయణపేట,
మే 7.

సైదమ్మ వదినెకు,

గోపమ్మ నమస్కారం చేసి రాసుకున్నది.

నా బిడ్డ ఉత్తరం నిన్న అందింది. ఆమె ఫోను బందున్నది. మీకు చేస్తే మోగింది, ఎత్తలే. ఎత్తకపోవుడు న్యాయమే. అందుకని ఈ కాయిదం నవీన్ చేతికిచ్చి పొద్దుగాల బస్సుకే పంపుతున్న. నేనే వద్దామని గడప దాకా వచ్చి ఆగిన. నన్ను చూస్తే మీకు కోపం పెరిగి, చెప్పాల్సిన ముచ్చట వినకపోతరేమోనని. ముందుగాల రూప ముచ్చట.

నిన్న పగలే పాలమూరు పోయి డాక్టరమ్మ ముందట కూసోని జరిగింది జరిగినట్టు చెప్పిన. గోలీ పేరు, ఎంత మోతాదో ఆమె తన చేతితోనే వేరే కాయిదం మీద రాసిచ్చింది, ఈ కవర్లనే పెట్టిన. అది రూపను చూసే డాక్టరుకు చూపియ్యుండ్రి. గోలీలు వెంటనే ఆపాలె. వారం దినాలు మింగినదానికి పెద్ద ముప్పు కాకపోవచ్చు అన్నది. "ఏం కాదని చెప్పుండ్రి డాక్టరమ్మా" అని కాళ్లు పట్టుకున్న. "చూడకుండ మాట ఇయ్యలేనమ్మా" అన్నది. ఇప్పుడొక స్కాను, అయిదో నెలల పెద్ద స్కాను తప్పక తీపియ్యాలంట. ఇది దాచకుండ రాస్తున్న.

రెండో ముచ్చట. వదినె, మీ కోపం నా మీద తీర్చుకోండ్రి. అట్టలు ఒలిచింది నేను, సీసాల పోసింది నేను, మీ చేతికియ్యుమన్నది నేను. ఆమె మొదటి నుంచి మీకు చెప్తననే అన్నది. కోపంల ఉండి మాపటి గోలీ ఆమెకు ఆపకుండ్రి. ఒక్క రోజు తప్పినా ప్రమాదం. ఆమె గోలీలు అట్టలతోని నవీన్ దగ్గర పంపుతున్న, పేరు కనవడేటట్టు.

మూడోది. ఆమెను ఉంచుకోలేమనుకుంటే నాకు ఒక్క మాట చెప్పండ్రి, నేనే వచ్చి తోల్కపోత. ఒక్కదాన్ని మాత్రం బస్సెక్కియ్యకుండ్రి. నిద్ర లేక, ఏడ్చుకుంట, బస్సుల తలుపు కాడ కూసుంటది. దానికి ఏమన్న అయితే పట్టుకునేటోళ్లు ఉండరు.

ఇన్ని దినాలు దేవుని ముందట నా బిడ్డ ఒక్కదాని పేరే గట్టిగ చెప్పుకున్న. ఇప్పుడు మోకాళ్లు వంగితే రూప పేరే వస్తున్నది, నా బిడ్డ పేరు ఎత్తాలంటే సిగ్గయితున్నది.

మీ
గోపమ్మ


భూదాన్ పోచంపల్లి,
మే 11.

గోపమ్మ వదినెకు,

సైదమ్మ రాసేది. నాకు రాసుడు అంతగ రాదు. నీ బిడ్డ రాసిస్తనన్నది, వద్దన్న. గీ మాటలు నేనే రాయాలె.

నీ కొడుకు వచ్చిండు. అన్నం పెట్టినం, తిన్నడు. కాయిదం అందింది. నీ బిడ్డ గానాడే చెప్పింది. అందరి ముందట నిలవడి చెప్పింది. దివాకర్‌గాడు గోడకు ఒరిగి నిలవడ్డడు. నేను గా డబ్బా తీసి బజార్లకు ఇసిరేసిన. తాత బీపీ గోలీలు గూడ మోరీల పడ్డయి. మళ్ల నీ బిడ్డనే పోయి ఏరుకొచ్చింది.

రూపను గప్పుడే ఆటోల నల్లగొండ దవాఖానకు తీస్కపోయినం. నీ బిడ్డ పిలువకముందే ఎక్కి కూసున్నది. డాక్టరుకు గోలీ పేరు తనే చెప్పింది. స్కాను తీసిన్రు. గుండె కొట్టుకుంటున్నది, నాకు గూడ ఇనిపిచ్చిన్రు. ఇప్పటికైతే మంచిగున్నదన్నరు. నీ కొడుకు తెచ్చిన డాక్టరమ్మ కాయిదం గూడ తర్వాత పంపి చూపిచ్చినం, గదే మాట అన్నరు. మళ్ల అయిదో నెలల చూడాలె. గప్పటిదాక ఎవ్వరు ఏం చెప్పరంట.

ఫోను నేను కావాలనే ఎత్తలే. ఎత్తితే ఏమంటనో అని నాకే భయమయ్యింది. నీ బిడ్డ ఫోను ఎవ్వలు గుంజుకోలే. నీ గొంతు ఇంటే ఏడుస్తనని ఆమెనే బందు పెట్టుకున్నది.

నాకు కోపమున్నది వదినె. ఫిట్స్ అని కాదు. మా చిన్నమ్మకు ఉండె, చిన్నప్పుడు ఆమెకు వచ్చినప్పుడల్లా తాళంచెవుల గుత్తి తెచ్చి చేతుల పెట్టేదాన్ని నేనే. గుండె బెదరలే నాకు. నా కోపం గా సీసా మీది కాయిదం మీద. నేను చదివిన. కూడబలుక్కొని చదివిన. రక్తానికి అని ఉన్నది. గది నమ్మి నా చేతులతోని నేనే నా బిడ్డకు పెట్టిన, మింగేదాక నిలవడ్డ. ఇప్పుడు ఎవ్వలకు గోలీ ఇయ్యాలన్నా నా చెయ్యి ముందుకు వస్తలేదు. మా ఆయనకు షుగర్ గోలీ ఇచ్చేటప్పుడు మూడుసార్లు చదివిపిచ్చుకుంటున్న. నువ్వు నా చేతులల్ల భయం పెట్టినవ్.

మూడు రోజులు నీ బిడ్డతోని మాట్లాడలే. కాని మాపటి గోలీ ఆపలే. నల్లగొండల కొన్న కొత్త అట్ట నా ముందట పెట్టి మింగింది, నేను చూసిన. నాలుగో రోజు సంచి పట్టుకొని వాకిట్ల నిలవడ్డది. "యాడికే?" అన్న. "అమ్మగారింటికి" అన్నది. "ఎవ్వలు పొమ్మన్నరు?" అన్న. ఎవ్వలు అనలేదన్నది. "అయితే లోపటికి నడువు, బియ్యం ఏరాలె" అన్న. సంచి అర్రల పెట్టొచ్చి ఏరింది. దివాకర్‌గాడు వచ్చి పక్కకు కూసోని రాళ్లు తీసిండు. వాడు బియ్యం ఏరుడు నేను గప్పుడే చూసిన.

ఇగ అసలు ముచ్చట. విశాఖపట్నం ఆపుదామన్న. రూపనే నన్ను తిట్టింది. "తాత నా బిడ్డ పుట్టేదాక ఉంటడో లేడో, గాయనను తోల్కపో" అన్నది. డాక్టరు ఆమెను దూరం తిరగొద్దన్నది. కట్టంగూరు నుంచి అల్లుడు వచ్చి తోల్కపోయిండు. పదహారు నాడు మేం పోతున్నం. పొద్దటి రైలే, నీ బిడ్డ నిద్ర కోసం మార్పిచ్చినం.

నువ్వు రావాలె. బతిలాడుతలేను, రమ్మంటున్న. నీ బిడ్డ నీళ్లల్లకు మోకాళ్ల దాకనే దిగుతది, నా కొంగు ఆమె కొంగు ముడేసి నేను పక్కకు నిలవడుత. కాని నాకు గూడ సముద్రం కొత్త. ఇంకో దిక్కు నువ్వు నిలవడాలె. గోలీల డబ్బా నేను పట్ట. నువ్వే పట్టు. ఎవ్వరి అట్ట మీద వాళ్ల పేరు పెద్దగ రాసి పెట్టు, నేను చదివేటట్టు.

వచ్చి నాతోని నవ్వుకుంట మాట్లాడకు. కాళ్లు గూడ పట్టుకోకు. అయిదో నెల స్కాను అయ్యేదాక నాకు నవ్వు రాదు.

రూపకు పెట్టిన తలుపు కాడ జాగా ఖాళీగున్నది. ఎవ్వలకియ్యబుద్ధి కాలే. గది నీకు పెట్టిన. నీ బిడ్డ నీకు నాకు నడుమ పండుకుంటది. నీకెట్లాగు నిద్ర పట్టదు, నాకు పట్టదు. నువ్వు ఆమె దిక్కు చూసుకుంట మేలుకో. నేను ఫోను దిక్కు చూసుకుంట మేలుకుంట, కట్టంగూరు నుంచి మోగుతదేమోనని.

సైదమ్మ